నాలుగో స్తంభం

పూజారి తాత పోయాడని మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఎమ్మిగనూరు బడిలో హాజరు వేస్తున్నాను. పొద్దున సామికి నీళ్లు పోసి, మారేడు పత్రి పెట్టి, మంటపంలో కాసేపు ఒరిగాడట. అంతే. నాకు ముందు వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది: అయ్యో, నాలుగో స్తంభం మిగిలిపోయిందే!

పెద్దకడుబూరు దగ్గర మా ఊరి శివాలయం చాలా చిన్నది. నడుం వంచితేగాని గర్భగుడిలోకి పోలేం. ముందు నాలుగు స్తంభాల మంటపం, పైన బండల కప్పు. చాళుక్యుల నాటిదంటారు. ప్రతి శివరాత్రికీ గోడలకూ స్తంభాలకూ సున్నం కొట్టడం ఊరి ఆచారం. ఆ సున్నం ఇచ్చేది మా ఇల్లే. తరతరాలుగా కొట్టీ కొట్టీ స్తంభాలు తెల్లటి దుంగల్లా తయారయ్యాయి. అదే భక్తి అనుకున్నాం.

ఒక వానాకాలం కప్పు కారి, ఒక స్తంభం మీద సున్నం పెచ్చు ఊడి, లోపల గజ్జె కట్టిన రాతి పాదం కనబడింది. ఆ రోజు నుంచి తాత వెదురు పుల్ల, తడిగుడ్డ పట్టుకున్నాడు. పూజ అయ్యాక బొటనవేలంత మేర సున్నం గీకితేగాని అన్నం ముట్టేవాడు కాదు. సాయం చేద్దామని నేను ఇనుప ఉలి తీసుకుపోతే లాక్కున్నాడు.

"ఇనుము వద్దు పాపా. రాయికి నొప్పి తెలీదు గానీ, చెక్కినోని కష్టం మనకు తెలియాల."

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. స్తంభాలకు సున్నం మానినందుకే సామికి కోపమొచ్చిందని ఊరంతా గుడి ముందు చేరింది. తాత మంటపం దిగలేదు.

"ముప్పై ఏండ్లు నేనే కొట్టినానప్పా. కప్పెట్టినోన్ని నేనే, తీసేటోన్ని నేనే. గోడలకు కొట్టుకోండి. కంబాలు ముట్టొద్దండి."

మూడు స్తంభాలు అయ్యేసరికి ఆయన చూపు మందగించింది. నాలుగో దాని మీద నాట్యం చేసే అమ్మాయి మెడ దాకా బయటికొచ్చింది. "ఈయమ్మ మొగం చూడకుండా యాడికీ పోను" అనేవాడు. పోయాడు. నాకు ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది.

బడికి సెలవు పెట్టి ఊరికొచ్చాను. పదో రోజు కాగానే ఊరి పెద్దలు మా ఇంటికొచ్చారు. "శివరాత్రి దగ్గరికొచ్చె. ఈసారి కంబాలకు గూడా సున్నం ఇయ్యమ్మా."

"గోడలకు ఎంతైనా ఇస్తాం. కంబాలకు చుక్క గూడా ఇయ్యమప్పా" అన్నాను. గొణుక్కుంటూ వెళ్లారు.

మర్నాడు స్నానం చేసి, ఏమీ తినకుండా తాత వెదురు పుల్లతో కూర్చున్నాను. మధ్యాహ్నానికి బొటనవేలంత రాయి బయటపడింది. తడిగుడ్డతో తుడిచాను. పెదవి చివర. నవ్వుతోంది.