వనజాక్షి హోటల్లో తిట్టే హక్కు

చిత్తూరులో మామిడి మండీకి పోయే దారిలో వనజాక్షి ఇడ్లీ హోటలు ఉంది. హోటలని ఆమె అంటుంది కాబట్టి మేమూ అంటాం. రెండు బల్లలు, రేకుల కప్పు, గోడకొక క్యాలెండరు, క్యాలెండరు పక్కన ఒక అట్టముక్క. ఆ అట్టముక్క మీద ఎర్ర అక్షరాలతో ఇలా ఉండేది: "ఓటు వేసినవారే గవర్నమెంటును తిట్టవలెను. మిగతావారు తిని పోవలెను."

ఆ అక్షరాలు నావే. కోర్టు ఎదుట టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాణ్ణి కాబట్టి ఆ వీధిలో ఎవరికి ఏం రాయాల్సి వచ్చినా నా మెడకే చుట్టుకుంటుంది. టైపు సారు అంటారు నన్ను. ఇంట్లో పెట్టిన పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా వినపడదు.

అట్టముక్కకొక కథ ఉంది. అంతకు ముందు ఎలక్షన్లలో వనజాక్షి మూడు గంటలు ఎండలో నిలబడి ఓటేసి వచ్చింది. వచ్చేసరికి హోటలు బల్ల మీద దామోదరం గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. దామోదరం రిటైరైన బస్సు కండక్టరు. లేచి, కాఫీ పుచ్చుకుని, ఆవులించి, "ఎవురొచ్చినా మనకు ఒరిగేదేముండాది వనజమ్మా, అందరూ దొంగలే" అన్నాడు. వనజాక్షి అతని చేతిలోని గ్లాసు లాక్కుంది.

"నాలుగడుగులేసి ఓటెయ్యలేనోడికి తిట్టేదానికి నోరెట్లా వస్తాదన్నా? ఈ పొద్దుతో నీ నోరు బందు. తినేదానికి మాత్రం తెరువు" అంది.

మర్నాడు నన్ను పిలిచి అట్టముక్క రాయించింది. ఇడ్లీ ప్లేటు అందించే ముందు ఒక్కొక్కరి ఎడమచెయ్యి చాపించి చూపుడువేలు తిప్పి తిప్పి చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్షగా చూడరు. సిరా గుర్తు ఉన్నవాళ్ళకు అయిదేళ్ళు తిట్టుకునే అనుమతి. లేనివాళ్ళకు చట్నీ రెండోసారి కూడా పడుతుంది గానీ మాట మాత్రం పడదు. ఎవరెవరు వేశారో ఏ రిజిస్టరూ లేకుండానే ఆమెకు గుర్తుండేది.

పాపం, దామోదరం బాధ చూడలేకపోయేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో అరిచిన గొంతు అది. పొద్దున్నే పేపరు తెచ్చి నా ముందు పెట్టేవాడు. ఒక వార్త మీద వేలు పెట్టి నావైపు చూసేవాడు. నేను ఓటేసినవాణ్ణి కాబట్టి అతని తరఫున నేను తిట్టాలి. తిట్టేవాణ్ణి. అతను తల అడ్డంగా ఊపి, "చాల్లా, ఇంకొంచెం కారమెయ్యి" అని గొణిగేవాడు.

"సైగలు గూడా మాటలే దామోదరన్నా" అని పొయ్యి దగ్గర్నుంచి వినపడేది.

అట్లా అయిదేళ్ళు గడిచి మళ్ళీ ఎలక్షన్లు వచ్చాయి. మే నెల, మామిడికాయల కాలం. వనజాక్షి ఇడ్లీతో పాటు ఊరగాయ కూడా పెట్టి అమ్ముతుంది. పోలింగు నాడు హోటలు మూసేసి ఉంది. మర్నాడు మళ్ళీ వేళ్ళ పరీక్ష. నాది చూసింది, ఊఁ అంది. దామోదరం చెయ్యి చాపనే లేదు, తలకాయ వంచుకుని ఇడ్లీ తుంచుకున్నాడు. ఎవరో ఆమె చూపుడువేలు చూసి, "అబ్బా, ఏం గుర్తు పడింది వనజక్కకు! మాకు ఈగ కాలంత పెట్టినారు" అన్నారు. నిజంగానే ఆమె ఎడమ చూపుడువేలు గోరు నుంచి మొదటి గీత దాకా నల్లగా ఉంది. "ఊఁ" అని గబగబా సాంబారు గిన్నె వైపు తిరిగింది.

జూన్‌లో కాలువ పనోళ్ళు వచ్చి ఆ వీధి పొడుగునా ఛాతీ లోతు గొయ్యి తవ్వి, మళ్ళీ కనిపించకుండా పోయారు. హోటలుకు రావాలంటే గొయ్యి మీద వేసిన ఒంటి చెక్క మీద నడవాలి. మండీ కూలీలు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ చెక్క ఎక్కలేక ముందు వీధిలోని అంగడికి పోసాగారు. జులై వచ్చేసరికి పొద్దున పెట్టిన ఇడ్లీల్లో సగం సాయంత్రం ఆవులకు పోతున్నాయి. ఒకరోజు వాన పడి చెక్క జారి, వనజాక్షే ఆ గోతిలో పడింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈ గొయ్యి ఆమె తీసింది కాదు, అయినా చీలమండ బెణికింది.

"ఇంగో నెల ఇట్లే ఉంటే అంగడి మూసేసి మదనపల్లిలో మా చెల్లెలింటికి పోవాల్సిందే" అంది. అనేసి పిండి రుబ్బడానికి కూర్చుంది.

మాకు అర్థం కానిది ఒకటుంది. ఊరందరి నోళ్ళూ మూయించగల మనిషి, ఆ గొయ్యి గురించి ఎవర్నీ అడగడానికి పోలేదు. "మీకు హక్కుండాది గదప్పా, పోయి అడగండి" అని మమ్మల్ని తోసేది. మేము చూద్దాం అనేవాళ్ళం. రేపు అనేవాళ్ళం. ఇడ్లీ తింటూ గవర్నమెంటును కింది నుంచి పైదాకా కడిగేసి, చెక్క మీద జాగ్రత్తగా నడిచి ఇళ్ళకు పోయేవాళ్ళం.

జులై చివర్లో ఒక ఉదయం, పని చూడటానికి ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. పక్కనే మునికుమార్. ఎవరు గెలిస్తే వాళ్ళ మనిషి అతను. ఎలక్షన్లలో మా పోలింగు బూతులో ఏజెంటు, ఇప్పుడు కాలువ కాంట్రాక్టరు తరఫున తిరుగుతున్నాడు. చెక్క దాటి హోటల్లోకి వచ్చి కూర్చున్నారు.

"ఇక్కడ ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని ఇంజనీరు అడిగాడు.

ఆరుగురం ఉన్నాం. అయిదు వేళ్ళకు సిరా ఉంది. వనజాక్షి మావైపు చూసింది. నేను సాంబారు వైపు చూశాను. నేను కొట్టే అర్జీలు ఆయన ఆఫీసులోనే కదలాలి, ఊరికే పేరు చెడగొట్టుకోవడం ఎందుకని నోట్లోంచి ఈ మాట వచ్చింది: "ఏం లేదు సార్. వానాకాలం, కొంచెం ఆలస్యమవుతుంది కదా."

వనజాక్షి చేతిలోని గరిటె ఇడ్లీ పాత్ర మీద పడి మోగింది.

"ఇబ్బందేమి లేదంట! సారూ, ఈ గుంత తవ్వి రెండు నెల్లయింది. నా కాలు జూడు. నా బల్లలు జూడు, ఈ ఆరుగురు తప్ప యాడన్నా మనిషి ఉండాడా? ఇంగా ఎన్నాళ్ళు?"

మునికుమార్ నవ్వాడు. "వనజక్కా, ఓటేసినోళ్ళే అడగాలని ఆడ రాసి పెట్టుకోనుండావే. నేను బూతులో పొద్దున్నించీ కూర్చోనుంటి. నా లిస్టులో నీ పేరుకాడ టిక్కు పడలా. నువ్వు రానేలేదు."

 అందరం ఆమె వేలు వైపు చూశాం. ఆమె దాన్ని కొంగులో దాచుకోబోయి, ఆగి, అందరి ముందుకూ చాపింది.

"ఔను, ఎయ్యలా. ఆ పొద్దు మామిడి ముక్కలు ఎండకేసినా. మబ్బు పట్టింది. అన్నీ ఎత్తిపెట్టి ఉరికేసరికి ఇస్కూలు గేటు మూసేసినారు. ఆనాడు ఈ వేలికున్నింది సిరా గాదు, మామిడి సొన. కాయ పట్టుకోని కోస్తే తోలు కాలి నల్లబడ్తాది. మర్నాడు పొద్దున మీరంతా సూసి గుర్తు బాగా పడిందంటే ఊఁ అనేసినా. తప్పు నాదే. దామోదరన్న నోరు కట్టేసినదాన్ని, నా నోరెట్లా తెరిసేది? అందుకే రెండు నెల్లు మింగుకోని ఉండా."

ఊపిరి పీల్చుకుని ఇంజనీరు వైపు తిరిగింది.

"కానీ సారూ, ఈ గుంత నన్ను పడేసేటప్పుడు వేలు సూపించమనలా. సబ్బు కొంటే పన్ను పట్టుకునేటోళ్ళు వేలు సూపించమనలా. అడిగేదానికి మాత్రమే వేలు గావల్నా?" మళ్ళీ మునికుమార్‌తో, "ఓటడిగేదానికి నా గడపకు మూడుసార్లొచ్చినావే. అప్పుడు నేను మనిషిని, ఇప్పుడు టిక్కునా?" అంది.

మునికుమార్ నవ్వు ఆరిపోయింది. ఇంజనీరు లేచి, గోతిదాకా పోయి, లోపలికి తొంగి చూశాడు. "ఎప్పుడు పడ్డారమ్మా?" అని అడిగి జేబులోని పుస్తకంలో రాసుకున్నాడు. వారంలో పని అయిపోతుందన్నాడు. పదో రోజుకు హోటలు ముందు మాత్రం రాతిబండలు పడ్డాయి. మిగతా వీధి అంతా గొయ్యి నోరు తెరుచుకునే ఉంది.

బండలు పడిన మర్నాడు పొద్దున వనజాక్షి అట్టముక్క పీకేసి పొయ్యి పక్కన పడేసింది. దామోదరం ముందు కాఫీ పెట్టి, "మాట్లాడు దామోదరన్నా. నేను సెప్పింది తప్పు. ఎవురినైనా తిట్టుకో" అంది.

దామోదరం పేపరు విప్పాడు. గొంతు సవరించుకున్నాడు. మేమంతా ప్లేట్లు కింద పెట్టి ఎదురుచూశాం. అతను పేపరు మడిచి బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అయిదేండ్లు నా నోరు మూసిన గవర్నమెంటు నువ్వే గదా! ముందు నిన్నే తిడతా" అన్నాడు.

తిట్టాడు. ముప్ఫై ఏళ్ళ కండక్టరు గొంతు రేకుల కప్పును అదరగొట్టింది. చట్నీలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి, లాక్కున్న కాఫీ గ్లాసు దాకా వచ్చాడు. వనజాక్షి నడుం మీద చేతులు పెట్టుకుని అంతా విని, "తిట్టప్పా, హక్కుండాది" అంది. నవ్వలేక కడుపు పట్టుకున్నాం. అందరికంటే పెద్దగా నవ్వింది నేనే.

ఆమె నావైపు తిరిగింది.

"నువ్వు నవ్వుతాండావు గానీ టైపు సారూ, నీ వేలికి నిజం సిరానే ఉండె గదా. ఆ పొద్దు ఆ సారు అడిగితే నీ నోటికేమయింది?"

 తల కొట్టేసినట్టయింది. వేలు చూసుకున్నాను. సిరా గోరు చివరికి వచ్చేసింది, ఈసారి గోరు తీస్తే పోతుంది.

ఆ పూట కోర్టు ముందు మిషనులో మొదటి కాగితం నాకోసమే ఎక్కించాను. మిగతా వీధిలో గొయ్యి మూయాలని అర్జీ. కింద మొదటి సంతకం నాది. దాన్ని పట్టుకుని మళ్ళీ హోటలుకు పోతే వనజాక్షి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. దామోదరం పెన్ను పట్టుకుని ఆగాడు.

"ఓటెయ్యనోడి సంతకం చెల్తాదా వనజమ్మా?"

"పెట్టన్నా" అంది ఆమె, ఇడ్లీ పాత్ర మూత తీస్తూ. "వచ్చేసారి నాతో గూడా రా, ఇద్దరం పోదాం. మామిడికాయలు నేను ముందురోజే కోసేస్తా."