చెయ్యి చాచినవాడికల్లా రింగు

మా బాబాయి రైల్వేలో పాయింట్స్‌మన్. కదిలే బండిలోంచి డ్రైవరు చెయ్యి బయటికి చాస్తే, ఆ చేతికి ఒక పెద్ద రింగు తగిలించడం ఆయన పని. రింగుకి తోలు సంచి, సంచిలో ఇనుప బిళ్ల. ఒకే పట్టాల దారి కాబట్టి బిళ్ల ఎవరి దగ్గరుంటే దారి వాళ్లదే. అది లేకుండా బండి అంగుళం కదలకూడదు. ఇంత ఘనకార్యం చేతిలో ఉన్నాక మనిషి నేల మీద నడుస్తాడా? మా బాబాయి నడవలేదు.

ఆ లైను చరిత్ర అంతకన్నా ఘనం. ఎవరో క్వారీ యజమాని రాళ్లు మోయించడానికి వేయించాడు. ఊరివాళ్ల మొహం చూడడం ఇష్టంలేక స్టేషన్ని ఊరికి దూరంగా విసిరేశాడు. రాళ్లు అయిపోయాక అవే పట్టాల మీద మనుషుల్ని ఎక్కించారు. కుదుపులు మాత్రం పాతవే ఉంచారు, మహానుభావులు.

పిన్నికి కావలసింది ఒక్కటే. పెళ్లయిన కొత్తలో బాబాయి, "నిన్ను బండెక్కించి ఏటి వంతెన దాటిస్తా, మీ అక్క ఇంటికి తీసుకెళ్తా" అన్నాడు. ఇద్దరు పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లిళ్లు చేసుకున్నారు. వంతెన అక్కడే ఉంది, పిన్నీ ఇక్కడే ఉంది. సెలవు పెట్టమంటే "నేను లేకపోతే రింగు ఎవడిస్తాడే?" అనేవాడు. ఒక్కదాన్నే వెళ్లమంటే "ఎక్కితే మీతోనే ఎక్కుతా" అని ఆవిడ భీష్మించుకుంది. అక్క ఇంటికి మాత్రం బస్సులో పోయి వచ్చేది. సరిపోయారు ఇద్దరూ!

ఎవరూ ఎక్కడం లేదని చివరికి లైను మూసేశారు. ఆఖరి బండి రోజున ఆ ఎక్కనివాళ్లందరూ వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మూసేవాళ్ల తరఫున ఒక పెద్దాయన వచ్చి ఈ లైను మన ప్రాణం అని ఉపన్యసించాడు.

"రింగు డ్రైవరుకిచ్చేసి ఎక్కేస్తా, నువ్వు ముందు కూర్చో" అన్నాడు బాబాయి. పిన్ని ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఆవిడ మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయనకి నడక పడదు కాబట్టి కారు ప్లాట్‌ఫారం మీదికే వచ్చింది. ఉపన్యాసం అయ్యాక కారు మెల్లగా కదిలింది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాచి జనానికి ఊపుతున్నాడు. బాబాయి రింగు పట్టుకుని నిలబడ్డాడు, చూపంతా పిన్ని కిటికీ మీద. పక్కనుంచి ఏదో కదిలింది, చెయ్యి బయటికొచ్చింది. ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? రింగు ఆ చేతికి తగిలించేశాడు. పెద్దాయన ఇదేదో కొత్తరకం బహుమతి అనుకుని మెళ్లో వేసుకున్నాడు. కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.

"ఓరి నాయనో, ఏం చేశావయ్యా!" అన్నాడు స్టేషన్ మాస్టరు నెత్తి పట్టుకుని.

రింగు పోతే కాగితం రాసిచ్చి బండి పంపే పద్ధతి ఉంది. ఆ కాగితాలున్న బీరువాని పొద్దున్నే ఉత్సాహంగా పెద్దాఫీసుకి తరలించేశారు. పెద్దాయనకి ఫోన్ చేస్తే, అయ్యగారు విందులో ఉన్నారు, రింగు రేపు పంపుతాం అన్నారు. ప్రయాణికులందరినీ దింపి బస్సెక్కించారు. పిన్ని అందరికన్నా ఆఖర్న దిగింది. నాకు ఏడుపొచ్చింది.

"ఒక్క రోజు బాబాయ్! ఒక్క రోజు ఒళ్లు దగ్గర పెట్టుకోలేకపోయావా?" అని అరిచాను.

మర్నాడు పొద్దున రింగు కారులో దర్జాగా వచ్చింది. పిన్ని మళ్లీ అవే బట్టల్లో వచ్చింది. బండెక్కబోతే స్టేషన్ మాస్టరు అడ్డంపడ్డాడు.

"లైను నిన్నటితో మూతపడిందమ్మా. ఇది ఖాళీ బండి. మనుషులు ఎక్కకూడదు."

మనుషులు ఎక్కకూడదు గానీ రింగు మాత్రం ఇవ్వాలట. బాబాయి ఇచ్చాడు. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

"తప్పైపోయిందే" అన్నాడు పట్టాల వైపే చూస్తూ.

పిన్ని పక్కకొచ్చి చెయ్యి చాచింది. "చెయ్యి చాచినవాడికల్లా ఇచ్చారు. నాకేం లేదా?"

బాబాయి తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ప్లాట్‌ఫారం చివర దిగి వంతెన వైపు నడక మొదలుపెట్టారు.

"ఏమయ్యా, పట్టాల మీద నడవకూడదు! రూలు తెలీదా?" అని కేకేశాడు స్టేషన్ మాస్టరు.

బాబాయికి వినబడే ఉంటుంది. వెనక్కి తిరగలేదు.