గదిలో నేను, వరండాలో నమాజు

ఎనభైల మొదట్లో సంగతి ఇది. ఆ రోజు నరసరావుపేటలో మా షాపులో ఒక రైతు మోటారుకు వైండింగ్ పూర్తి చేసి, ట్రయల్ కోసం స్విచ్ వేశాను. మోటారు బాగానే తిరిగింది. ఆ హోరులోంచి ఎవరో "మస్తానూ" అని పిలిచారు. స్విచ్ ఆపాను. మోటారు ఆగింది, పిలుపు ఆగలేదు. అది మా అన్న ఖాజా గొంతు. ఆ ముందటి ఎండాకాలంలో ముప్పాళ్ళ దగ్గర ఒక బావిలో మోటారు బాగుచేస్తూ, కరెంటు కొట్టి చనిపోయాడు అన్న.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. మొదట్లో ఆ గొంతు నన్ను పేరు పెట్టి పిలవడమే. తర్వాత మాటలు మొదలయ్యాయి. అన్నంలో ఏదో కలిపారు, తినొద్దు అనేవాడు. నా భార్య ఫాతిమా కంచం పెడితే ముందు ఆమెను ఒక ముద్ద తినమనేవాణ్ణి. తిని, కంచం నా ముందుకు జరిపేది. పిండిమర, ఫ్యాను, దూరంగా పోయే లారీ, ఏ చప్పుడులో చూసినా అన్న ఉండేవాడు.

అమ్మ నన్ను తాయెత్తులు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పొగ వేసి, నా జుట్టు పట్టుకుని, "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అని గద్దించాడు. నేను "ఖాజా" అన్నాను. అమ్మ అక్కడే కూలబడిపోయింది. ఆ రోజు నుంచి ఆమె నన్ను చూసే చూపు మారింది. ఒక్కోసారి నా ముఖంలో అన్నను వెతుక్కునేది.

చివరికి మా వీధిలో టైలర్ జాఫర్ చాచా నన్ను గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. రక్తపరీక్షలు చేసి, తలకు తీగలు అంటించి ఈఈజీ తీశారు. డాక్టరు నాతోనే ఎక్కువసేపు మాట్లాడాడు. "నీకు వినపడేది నిజంగానే వినపడుతోంది. నువ్వు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ గొంతు మీ అన్నది కాదు. దీన్ని స్కిజోఫ్రీనియా అంటాం. మందులు చాలాకాలం వాడాలి" అన్నాడు.

మాత్రలతో గొంతు తగ్గింది. చేతులు మాత్రం వణకడం మొదలెట్టాయి. నోట్లోంచి చొంగ కారేది. సన్నటి రాగితీగ మోటారులో చుట్టలేకపోయాను. ఈ చేతులతో ఎలా బతకాలని మాత్రలు మానేశాను. కొద్దిరోజులకే అన్న తిరిగొచ్చాడు. ఈసారి బావి దగ్గరికి రమ్మన్నాడు.

బస్సెక్కి వెళ్ళాను. మెట్లు దిగి నీళ్ళలో నిలబడి ఉంటే, పైన గడ్డి కోసుకుంటున్న ఒకామె తొంగి చూసింది. "ఏందయ్యా, ఎవురితో మాట్టాడతన్నావు? ఆడెవురూ లేరు. పైకి రా" అంది. అక్కడెవరూ లేరని అంత మామూలుగా నాతో ఎవరూ చెప్పలేదు. పైకి వచ్చి గట్టు మీద కూర్చున్నాను. పొలంలో వాళ్ళను కేకేసి, వాళ్ళు వచ్చేదాకా ఆమె నా చొక్కా వదల్లేదు.

మళ్ళీ గుంటూరు. వార్డులో చేర్చుకుని ఈసీటీ ఇవ్వాలన్నారు, అంటే తలకు కరెంటు పెట్టే వైద్యం. కరెంటు అని తెలియగానే అమ్మ డాక్టరు చేతులు పట్టుకుంది. "ఒక బిడ్డను కరెంటుకే ఇచ్చాను సారూ."

డాక్టరు చేతులు విడిపించుకోలేదు. "ఇది కొలిచి ఇచ్చేదమ్మా. అయ్యేదాకా నేను పక్కనే ఉంటాను" అన్నాడు.

బల్ల మీద పడుకున్నప్పుడు అన్న నాతో ఏమన్నాడో ఇక్కడ రాయను.

ఇంటికొచ్చేసరికి గొంతు సన్నబడింది. కొన్ని నెలలు నా జ్ఞాపకంలోంచి పోయాయి. మనుషులంటే భయం మాత్రం పోలేదు. గది దాటేవాణ్ణి కాదు. మసీదంటే మరీ భయం. అందరూ సజ్దాలో నేలకు నుదురు ఆనించి నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఆ గొంతు నాకు స్పష్టంగా వినపడేది. ఆ మాట ఫాతిమాతో చెప్పాను. ఆమె చాచాకు చెప్పింది. చాచా మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

హజ్రత్ తలుపు బయటే నిలబడి, "మాత్ర ఏసుకున్నావా మస్తానూ?" అని అడిగాడు. వేసుకున్నానన్నాను. "అయితే సరే. నువ్వు రాలేకపోతే మనోళ్ళే నీ దగ్గరికొస్తారు. నువ్వు తలుపు తియ్యకపోయినా ఏం కాదు" అన్నాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నపు నమాజుకు నలుగురైదుగురు పనులు ఆపుకుని వచ్చి మా వరండాలో చాపలు పరిచేవారు. చాచా ముందు నిలబడి చేయించేవాడు. చివర దేవుణ్ణి వేడుకునే దువాలో "జబ్బుగా ఉన్నోళ్ళందరికీ నయం చెయ్యి" అని అడిగేవాడు. నా పేరు ఎత్తలేదు. నా మీద ఏదీ చదివి ఊదలేదు. ఆమీన్ అని, చాపలు చుట్టి వెళ్ళిపోయేవారు.

మధ్యాహ్నపు నమాజులో పైకి చదవరు. అందుకని తలుపు వెనక నాకు వినపడేది బట్టల గరగర, మోకాళ్ళ చప్పుడు, ఒకరి దగ్గు. ఆ చప్పుళ్ళలోనూ అన్న మాట్లాడేవాడు. కానీ ఆ దగ్గు లారీ డ్రైవర్ కరీం భాయ్‌దని నాకు తెలుసు. ఆ పటపటలాడే మోకాళ్ళు చాచావని తెలుసు. రోజూ వాటినే పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఒక రోజు నేనూ లోపలినుంచి ఆమీన్ అన్నాను. బయట ఎవరూ తలుపువైపు తిరగలేదట. చాచా మాత్రం చాప చుట్టకుండా చానాసేపు అలాగే కూర్చున్నాడని ఫాతిమా తర్వాత చెప్పింది.

వానలు మొదలయ్యాక తలుపు తీశాను. చాచా నన్నేమీ అడగలేదు. "కాస్త జరగండ్రా" అన్నాడు వరసలో వాళ్ళతో. జరిగారు. రెండు పక్కలా రెండు భుజాలు నాకు తగిలాయి. సజ్దాలో అన్న పిలిచాడు. నేను వాళ్ళతో పాటే లేచాను.

తర్వాత డాక్టరు మందు మార్చి, వణుకుకు వేరే మాత్ర కలిపాడు. ఇప్పుడు ఫ్యాన్లకు వైండింగ్ చేసుకుంటున్నాను. మసీదుకు వెళుతున్నాను. గొంతు పూర్తిగా పోలేదు. నమాజు చివర సలాం చెబుతూ కుడివైపు, తర్వాత ఎడమవైపు తల తిప్పుతాం. వరస చివర చోటు దొరికి, ఎడమపక్క ఎవరూ లేని రోజున అటు తిరగాలంటే ఇప్పటికీ నా మెడ బిగుసుకుపోతుంది.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, మీరు ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా నలుగురూ కలిసి మొక్కండి. ఆ గొంతును మాత్రం అతని నోట పలికించకండి. ముందు మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కోండి. ఆ తర్వాత వెళ్ళి అతని పక్కన నిలబడండి.