పేరు కింద ఏం వేయాలి?

పోయిన ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చింది, మా తెలుగు టీచరు పోయారని. గుండెపోటట. షాపు షట్టరు సగం ఎత్తి అలాగే నిలబడిపోయాను. తిరువూరులోనే సంస్మరణ సభ పెడదామని, ఆవిడ కవిత్వ సభల్లో పరిచయం చేసేది నేనే కాబట్టి ఇప్పుడూ నన్నే చెయ్యమని తోటి విద్యార్థులు అన్నారు. ఒప్పుకున్నానే గానీ అప్పటినుంచీ ఏమీ పాలుపోలేదు.

ఫ్లెక్సీ వేసే అతను అడిగాడు: "మేడమ్ పేరు కింద ఏం వేయమంటారండీ?"

ఏం చెప్పను? ఒక సభలో ఉత్త "కవయిత్రి" అని పిలిస్తే ఆవిడ మైకు లాక్కున్నారు. "దళిత కవయిత్రి అనండి. నోరాడటం లేదా?" అన్నారు. సరేనని మరో సభలో నేను అలాగే చెప్పాను. "మరి మిగతావాళ్ళ కులాలు చెప్పలేదేంటమ్మా?" అని అందరి ముందూ నవ్వారు. రెండు మాటలూ నిజమే. అదే నా తికమక.

కొత్త కవిత రాస్తే ముందు ఎ.కొండూరు మామిడితోటలో పనిచేసే ఆడవాళ్ళకి వినిపించేవారు. టీచరు వాళ్ళమ్మ మోసింది కూడా ఆ తోట కాయలే. "ఇది మన మాటలా లేదమ్మా" అని వాళ్ళంటే ఆ పాదం కొట్టేసేవారు. వాళ్ళవాళ్ళలోనే పెద్ద దళిత కవి ఒకాయన, "ఇంటి సంగతులు రాస్తే మనమే పలచనైపోతాం కదమ్మా" అన్నాడోసారి. టీచరు టీ ఊదుకుంటూ, "బయట కులం కొట్టినా, ఇంట్లో మొగుడు కొట్టినా వాచేది ఈ ఒళ్ళే కదన్నా. ఒకటి రాసి ఒకటి దాచమంటే ఎట్టా?" అన్నారు. పొట్లాలు కట్టడం తప్ప ఏమీ తెలియని నాకు కవిత్వం అర్థమైంది ఆ రోజే.

తర్వాత నేను పరిచయాలు మానేసి, మైకు ఆవిడ చేతికే ఇచ్చేదాన్ని. కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, "మా అమ్మ మామిడికాయలు మోసింది. నేను ఆమె కూతుర్ని. ఇక వినండి" అనేవారు. తోట ఆడవాళ్ళు వస్తే "ఆఁ, చెప్పమ్మా" అనేవాళ్ళు. ఆ పరిచయం నా నోటెలా వస్తుంది? మా అమ్మ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంది గానీ ఎన్నడూ తట్ట ఎత్తలేదు.

చివరికి ఫ్లెక్సీ మీద పేరొక్కటే వేయించి కింద ఖాళీ వదిలేశాను.

నిన్న హాలు నిండిపోయింది. తోట ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. లేచి ఆవిడ పేరు చెప్పాను. అలవాటు చొప్పున మైకు పక్క కుర్చీ వైపు చాపాను. అందులో దండ వేసిన ఫోటో ఉంది.

ముందు వరసలోంచి ఎవరో మెల్లగా, "ఆఁ, చెప్పమ్మా" అన్నారు.

ఆ మాట ఫోటోతో అన్నారో నాతో అన్నారో, చెయ్యి వెనక్కి తీసుకోవాలో వద్దో నాకు తెలియలేదు.