రొయ్యల చెరువులో నా పొడి

నాకు భయం ఎక్కువ. రసాయన శాస్త్రంలో ఇన్నేళ్ళు నెట్టుకొచ్చానంటే ఆ భయం వల్లే. మా ల్యాబులో ఒక తెల్ల పొడి తయారు చేశాం. డీజిల్ మీద చల్లితే పొడి అణువులు వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుని దారాల్లా అల్లుకుంటాయి. ఆ అల్లికలో డీజిల్ చిక్కుకుని గడ్డపెరుగులా పేరుకుంటుంది. నీళ్ళు మాత్రం నీళ్ళలాగే ఉంటాయి. గాజు గొట్టం తలకిందులు చేస్తే గడ్డ జారకూడదు, అదే పరీక్ష. చేసిన ప్రతిసారీ నాకు గుండె దడే.

మొన్న సెలవులకు అమలాపురం అమ్మ దగ్గరికి వస్తూ, కాలవ నీళ్ళలో చూద్దామని ఒక డబ్బా వెంట తెచ్చుకున్నాను. తేకపోయినా బాగుండేది. రాజోలు దగ్గర రొయ్యల చెరువు చేస్తున్న మా చిన్న మావయ్య పొద్దున్నే ఫోన్ చేశారు.

“అమ్మాయ్, జనరేటర్ దగ్గర డీజిల్ డ్రమ్ము చెరువులోకి దొర్లిపోయింది. నూనె గడ్డకట్టే మందేదో నీ దగ్గరుందని మీ అమ్మ చెప్పింది. పట్టుకొచ్చెయ్యి.”

“ప్రాణమున్న వాటి దగ్గర అదెప్పుడూ వాడలేదు మావయ్యా.”

“ఇంకాసేపైతే ఇక్కడ ప్రాణమున్నవేవీ మిగలవమ్మా.”

నిరుటి పంట తెగులుకు పోయింది. ఇదీ పోతే ఆయన చెరువు వదిలేసుకోవడమే. డబ్బాతో రాజోలు వెళ్ళి చెరువు గట్టెక్కి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. గాలికి డీజిలంతా ఒక మూలకు చేరి రంగులు తిరుగుతోంది. నీళ్ళు కదులుతుంటే నా పొడి పేరుకోదు. అందుకని నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆపమన్నాను. ఆపితే రొయ్యలకు గాలి చాలదు, పైగా మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ప్రాణవాయువు అసలే తక్కువ.

“ఆయ్, ఆపేస్తున్నా,” అని మావయ్య మారు మాట్లాడకుండా స్విచ్ కట్టేశారు. ఆ నమ్మకం చూసి నాకు ఇంకా భయమేసింది.

పొడి చల్లాను. చల్లి ప్రభువును తలుచుకున్నాను. చదువుకున్న కెమిస్ట్రీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. పేరుకోకపోతే ఏం చెప్పాలి? పేరుకున్నాక రొయ్యలు తేలిపోతే మా అమ్మకు ముఖమెలా చూపించాలి? చూస్తుండగానే మూలంతా తెల్లగా బిగుసుకుంది. మావయ్య చేతివలతో గడ్డలు గట్టు మీదికి తోడేశారు. ఏరియేటర్లు మళ్ళీ తిరిగాయి.

“మేనకోడలు కెమిస్ట్రీలో డాక్టరంటే ఏం డాక్టరో అనుకునేవాణ్ణి. మా చెరువు డాక్టరన్నమాట,” అని నవ్వారు.

రొయ్యలు ఎలా ఉన్నాయో చూడటానికి నీళ్ళలో వేలాడదీసే చెక్ ట్రే పైకి లాగారు. అన్నీ చెంగుచెంగున ఎగురుతున్నాయి. హమ్మయ్య అనుకుని ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. మేత తిన్న రొయ్యకు వీపులో గోధుమరంగు పేగు సన్నగా కనిపిస్తుంది. దీనికి తెల్లగా, నిండుగా ఉంది. ఇంకొకటి తీశాను. అదీ అంతే.

“పొద్దున మేత వేశారా మావయ్యా?”

“ఈ గోలలో మేతెక్కడిదమ్మా? సాయంత్రమే పట్టుబడి పెట్టి రొయ్యలన్నీ అమ్మేస్తాను, కొనేవాళ్ళకి చెప్పేస్తే నిశ్చింత.” ఆయన అప్పటికే ఫోన్ తీశారు.

ఫోనున్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

“చెప్పకండి మావయ్యా. ఇవి నా పొడే తిన్నాయి.”

ఆయన రొయ్య వంకా నా వంకా చూశారు.

“తింటే ఏమవుద్దమ్మా? తిన్న రొయ్యని మనిషి తింటే?”

నాకు తెలియదని చెప్పాను. ఆయన ఆ రొయ్యను మెల్లగా నీళ్ళలో వదిలేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నారు.