కర్రావుకు చెప్పిన మాట

మొన్న శుక్రవారం సాయంత్రం అయిదూ ఇరవైకి, తమిళనాడులోని ధర్మపురి బస్టాండు పక్కన తోపుడుబండి మీద బెల్లం, శొంఠి వేసి కాస్తున్న పత్తిగింజల పాల వాసన తగిలి నేను నడుస్తున్నచోటే నిలబడిపోయాను. మా ఇంట్లో ఆ పాలు మనుషుల కోసం కాచేవారు కాదు. దూడ పోయిన ఆవు కోసం కాచేవారు.

ఏరియూరు పక్కన మా పల్లె. తమిళుల ఆషాఢం, ఆడి నెల వచ్చిందంటే గాలికి ఎర్రదుమ్ము లేచి రాగిముద్దలోనూ పళ్ళ కింద కరకరలాడేది. ఆడి పద్దెనిమిదో నాటి ఏటి పండుగకు అమ్మ పులిహోర, కొబ్బరన్నం మూటలు కట్టి, మమ్మల్ని బండెక్కించి కావేరి ఒడ్డుకు తీసుకుపోయేది. తిరగలి ముందు కూర్చుంటే మా పేర్లన్నీ కలిపి ఏవో పాటలు అల్లేది. పాట బాగా కుదిరిన రోజు పిండి కొంచెం బరకగా వచ్చేదని అవ్వ, అంటే మా నాయన తల్లి, సణిగేది.

నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, అదే ఆడి నెలలో, ఏడు నెలల మా తమ్ముడు జ్వరంతో పోయాడు. అమ్మ వేరుశనగ చేలో కలుపు తీసి వచ్చేసరికి వాడి ఒళ్ళు కాలిపోతోంది. ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైంది. పొద్దున వాడి ఒళ్ళు వెచ్చగా ఉందని తెలిసీ చేనికి పోయానని, ఆ ఒక్క మధ్యాహ్నాన్ని అమ్మ తన తలకే చుట్టుకుంది.

నాలుగోనాడు అవ్వ గడపలో నిలబడి, "లేమ్మా. నేను ముగ్గుర్ని పూడ్చినాను, చుమ్మా ఊరికే కూసున్నానా? పనిలో పడితే మనసు కుదురుకుంటాది," అంది. "సరే అత్తా," అని అమ్మ లేచి కొడవలి అందుకుంది. చేపుపాలు ఎండిపోవాలని రవిక లోపల మల్లెపూలు కట్టుకుని ఉంది. ఏ పండుగకు పూలు పెట్టుకుందోనని నేను వాసన చూస్తూ ఆమె వెంట చేనిదాకా నడిచాను. అవ్వ చెడ్డది కాదు. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే, ఆమెకు ఎవరో పోసిందీ అదే.

ఆ వారంలోనే మా నల్లావు కర్రావు దూడ కడుపుబ్బి చచ్చిపోయింది. ఆవు మేత ముట్టలేదు. అప్పుడు అవ్వ ఇల్లంతా కట్టడి చేసింది. ఆవును మేతకు తోలకూడదు, నీడన కట్టాలి, పొదుగు నొప్పి తీరేంత మాత్రమే పిండాలి, దాని ముందు ఎవరూ గొంతెత్తకూడదు. "నోరులేని జీవం, దాని కడుపుకోత మనకేం తెలుస్తాది?" అని నాయనను కూడా గదిమింది. మా పల్లెలో పశువులున్న ఇళ్ళన్నిటా అదే పద్ధతి. పత్తిగింజల పాలు కాచి చేత్తో తాగించే పని అమ్మకు అప్పగించారు.

ఒక సాయంత్రం గడ్డి మోపుతో కొట్టంలోకి వెళ్తూ అమ్మ గొంతు విని ఆగాను. ఆవు గంగడోలు నిమురుతూ మాట్లాడుతోంది.

"నీ తప్పేం లేదే. నాకినావు, పాలిచ్చినావు, ఇంకేం చేస్తావు? ఈ పొద్దు తినబుద్ధి కాకుంటే రేపు తిందువులే. ఎవురూ నిన్ను తరమరు."

తమ్ముడు పోయాక అమ్మ అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగా నేను వినలేదు. మోపు దించి అడిగాను. "అమ్మా, దానికి నువ్వు చెప్తాండావే, నీకెవురు చెప్తారు?"

అమ్మ తిరిగి చూసి నవ్వింది. "నేనేమన్నా ఆవునా? పోవే పిచ్చిదానా, గడ్డెయ్యి."

గడ్డి వేశాను. ఆ మాట ఆమెకు నాయన చెప్పలేదు, అవ్వ చెప్పలేదు, చేలో పక్క సాలులో కలుపు తీసే ఆడవాళ్ళూ చెప్పలేదు. అందరూ ఆమె ఓర్పును మెచ్చుకున్నారు. తనకు తాను చెప్పుకోవచ్చని ఆమెకు తోచలేదు. పది రోజులకు కర్రావు మేత ముట్టింది, మరుసటి ఏడు మళ్ళీ ఈనింది. అమ్మ మాత్రం తిరగలి ముందు నోరు మెదపడం మానేసింది. నా పిల్లలు పుట్టినప్పుడు ఉయ్యాల పక్కన కూర్చుని ఊపింది గాని, "నా చేతులు మంచివి కావు" అని ఒక్కరినీ ఎత్తుకోలేదు.

ఇప్పుడు మనసుకు కూడా వైద్యులున్నారని, వాళ్ళ దగ్గరికి పోవడం సిగ్గు కాదని నా మనవరాలు తమిళంలో చెబుతుంది. మంచిదే. నేనైతే నిన్న పాలు పొంగిపోతే నన్ను నేనే అరగంట తిట్టుకున్నాను.

పోయినవి లెక్క రాస్తున్నాను. ఏడు నెలల తమ్ముడు. ఒక దూడ. మా పేర్లున్న పాటలు, అవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మ ఎత్తుకోని నా పిల్లలు ముగ్గురు. తమ్ముడి తరువాత అమ్మ నలభై ఒక్క ఏళ్ళు బతికింది. ఆ ఏళ్ళను కూడా పోయినవాటిలోనే కలిపాను.