పాప నెంబరు

రాయదుర్గం నుంచి అనంతపురం పోయే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. జీన్స్ ప్యాంట్లు కుట్టే పనంట. ఆమె ఫోన్ ఆగకుండా మోగుతోంది. మాట్లాడమ్మా అన్నాను.

"ఎత్తితే తిడతారన్నా. ఫ్రిజ్ కంతు కట్టేకి ఫోన్‌లో యాప్ నుంచి లోను తీసుకుంటి. అది కట్టేకి ఇంకోటి. ఇప్పుడు కట్టలేదని మా చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాండారు" అంది.

కాసేపటికి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"దీంట్లో మా పాప నెంబరు ఉండాది. కాలేజీలో చదువుతాంది. దానికి తెలీకూడదు. తీసేయన్నా."

లోను ఇచ్చిన రోజే ఆ యాప్ ఫోన్‌లోని నెంబర్లన్నీ లాగేసుకుని ఉంటుందని నాకు తెలుసు. చెప్పబోయాను. ఆమె నా వేలివైపే చూస్తోంది. నెంబరు తీసేశాను.

"పోయిందా?"

"పోయిందమ్మా."

దిగేదాకా ఆమె ఆ నెంబరు మరిచిపోకుండా సన్నగా వల్లిస్తూనే ఉంది. వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది. ఆ తర్వాత, ఆ పిల్ల దాకా లోనువాళ్లు వెళ్లారో లేదో కనుక్కోవాలని రెండు మూడుసార్లు ఆ పది అంకెలూ నొక్కాను. తెలియని నెంబరు ఇంకొకటి మోగితే ఆ పిల్ల ఎంత బెదురుతుందోనని, ప్రతిసారీ మోగకముందే ఆపేశాను.